ఫాన్ రాంగ్ వెళ్తున్న సుధకు

చి. సుధకు, పెద్దమ్మ ఆశీస్సులు.

వియత్నాంలో ఫాన్ రాంగ్‌కి ఒక్కదానివే బయల్దేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. అందరూ మీసన్‌లో చాం జనం (అక్కడి పాతకాలపు జాతి) కట్టిన గుళ్ల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తుంటే, నువ్వు 1832 దాకా నిలిచిన పాండురంగ అనే చాం రాజ్యం చూడబోతున్నావు. గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది.

ఈ-వీసాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయి. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించే మన అలవాటు అక్కడ పనికిరాదు. రైలు టికెట్టు ఫాన్ రాంగ్‌కి దగ్గరి థాప్ చామ్ స్టేషన్‌కి తియ్యి, సైగాన్ నుంచి ఆరేడు గంటలు. విమానమైతే కామ్ రాన్‌లో దిగాలి, అక్కణ్నుంచి 60 కిలోమీటర్లు. ఫాన్ రాంగ్ ఉన్న నిన్ థువాన్ రాష్ట్రం 2025 జులైలో పక్కనున్న ఖాన్ హోవాలో కలిసిపోయింది, పాత చిరునామాలు చూసి తికమకపడకు.

అసలు సంగతి ఫాన్ రాంగ్ గుట్ట మీదున్న పో క్లాంగ్ గరాయ్ గుడి గురించి. 13వ శతాబ్దం చివర్లో చాం రాజు మూడో జయసింహవర్మ కట్టించాడు. గుమ్మం మీద ఆరు చేతుల నటరాజు, లోపల నంది, లింగం కనబడేసరికి మనవాళ్లకు చేతులు ఆగవు. కర్పూరం వెలిగిస్తారు, లింగం మీద నీళ్లు పోస్తారు. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ! అది పాడుబడ్డ గుడి కాదు, పూజలు జరుగుతున్న గుడి. లింగం మీద చెక్కిన ముఖం పో క్లాంగ్ గరాయ్ రాజుది, చాం జనానికి ఆయనే దేవుడు. ఆయనకు స్నానం చేయించేది, బట్టలు కట్టేది వాళ్ల పూజారులే. పెద్ద పండగ కాతే. చాం పంచాంగంలో 7వ నెల మొదటి రోజు, మనకు సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో పడుతుంది. దేవుళ్ల బట్టలు తెచ్చేది కొండల్లోని రగ్లాయి జనం. ఆ రోజు వెళ్తే లోపలికి తోసుకుపోకు. గర్భగుడి ఇరుకు, ధూపం పొగ నిండిపోతుంది, నీకేమో ఆయాసం. ఇన్‌హేలర్ చేతిసంచిలో ఉండాలి, పెద్ద బ్యాగులో కాదు! పూజారుల దారి వదిలి, తూర్పు గుమ్మానికి పక్కగా నిలబడు. మామూలు రోజైనా చెప్పులు విప్పు, అడిగి ఫొటో తియ్యి. గుమ్మం రాతి కంబాల మీద శాసనాలుంటాయి, వేళ్లతో తడమకు.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోకు. వియత్నాంలో వాన బాగా తక్కువ పడే ఊళ్లలో అదొకటి. ఏడింటికల్లా గుట్ట ఎక్కితే సూర్యుడు ఎదురుగా పడి చెక్కడాలు తేటగా కనిపిస్తాయి. పది దాటితే ఇటుక గోడలు సెగలు కక్కుతాయి. రెండు లీటర్ల నీళ్లు, గొడుగు, ఉప్పు బిస్కెట్లు పెట్టుకో.

కూరల్లో కూడా చేపల సాస్ పోస్తారు. "కోమ్ చాయ్" బోర్డున్న హోటల్లోనే తిను, అది శాకాహారం.

హువా లాయ్ అనే చాం గోపురాలు హైవే పక్కనే, ఊరికి ఉత్తరాన ఉంటాయి, చూడ్డం తేలిక. పో రోమె అనే ఇంకో చాం గుడి మాత్రం పల్లెల అవతల గుట్ట మీద ఉంది. కారు మాట్లాడుకుంటే రానూపోనూ మాట్లాడుకో, డ్రైవర్ని కిందే ఉండమను. తిరుగు బండి దొరుకుతుందని నమ్ముకోకు. చీకటి పడేలోపు గదికి చేరి మీ అమ్మకు ఫోన్ చెయ్యి. తర్వాత నాకు.

ఇట్లు
మీ పెద్దమ్మ