ల్యాప్‌టాప్ కొనే ముందు స్క్రీన్ చూడు

చిరంజీవి అమ్ములుకు, బెంగళూరు నుంచి పెదనాన్న ఆశీస్సులు.

పెళ్లి ఫోటోల ఎడిటింగ్ మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషమైంది. ల్యాప్‌టాప్ కోసం ఎస్పీ రోడ్డుకు వెళ్తానన్నావు కదా. ప్రాసెసర్, ర్యామ్ గురించి షాపువాళ్లు అడగకుండానే చెబుతారు. స్క్రీన్ గురించి మాత్రం నువ్వే గట్టిగా అడగాలి.

ల్యాప్‌టాప్ స్క్రీన్ ప్యానెళ్లలో ఐపీఎస్, టీఎన్ అని రకాలుంటాయి. ఐపీఎస్ అని రాసి ఉంటే చాలనుకోకు. టీఎన్ ప్యానెల్‌ని పైనుంచో కిందినుంచో చూస్తే రంగులు మారిపోతాయి, ఐపీఎస్‌లో ఆ బాధ దాదాపు ఉండదు. అంతవరకు మంచిదే. కానీ తక్కువ ధర ఐపీఎస్‌లు చాలావాటిలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనేవి స్క్రీన్ చూపగల రంగుల పరిధిని కొలిచే ప్రమాణాలు. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో సుమారు మూడింట రెండొంతులే. పట్టుచీర ఎరుపు అందులో వెలిసినట్టు కనిపిస్తుంది. నువ్వు ఎరుపు పెంచుతావు. ఆల్బం ప్రింటై వచ్చేసరికి పెళ్లికూతురి ముఖం కూడా ఎర్రబడి ఉంటుంది. అందుకే 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నదే తీసుకో. కొందరు దాన్నే 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాస్తారు, రెండూ ఇంచుమించు ఒకటే.

ఇక బిట్లు, అంటే ఒక్కో రంగును ఎన్ని స్థాయిల్లో చూపగలదో చెప్పే లెక్క. 6 బిట్ ప్యానెల్‌లో ఒక్కో మూలరంగుకు 64 స్థాయిలు, మొత్తం 2,62,144 రంగులు. 8 బిట్‌లో 256 స్థాయిలు, 1.67 కోట్ల రంగులు. 10 బిట్‌లో 107 కోట్లు. ఆ అంకె చూసి మోసపోవద్దు. మేడ ఎత్తు వేరు, మెట్ల సంఖ్య వేరు: బిట్లు మెట్లను, అంటే స్థాయిలను పెంచుతాయి, ఎత్తును, అంటే రంగుల పరిధిని కాదు. మెట్లు తక్కువైతే సాయంకాలపు ఆకాశం చారలు చారలుగా కనిపిస్తుంది. నీ పనికి అసలైన 8 బిట్ సరిపోతుంది. 6 బిట్ ప్యానెల్‌లో పక్కపక్క స్థాయిల మధ్య వేగంగా మారుస్తూ 8 బిట్‌లా చూపించే ఎఫ్‌ఆర్‌సీ పద్ధతి ఉంది. విండోస్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దగ్గర కనిపించేది ప్యానెల్‌కు వెళ్లే సిగ్నల్ లెక్క కాబట్టి, అక్కడ 8 బిట్ అని ఉన్నా పూర్తిగా నమ్మలేం.

ఓఎల్ఈడీ అని ఇంకో రకం స్క్రీన్ ఉంది. అందులో నలుపు నిజంగా నలుపే, చూడముచ్చటగా ఉంటుంది. అయితే గంటల తరబడి కదలని టూల్‌బార్లు అచ్చుపడే ప్రమాదం ఉంది. కొన్నిటిలో వెలుతురు తగ్గిస్తే మినుకుమినుకుమంటుంది, కళ్లు లాగుతాయి. రోజంతా ఎడిటింగే కాబట్టి నా ఓటు ఐపీఎస్‌కే.

షాపుకు పెన్‌డ్రైవ్‌లో నీ ఫోటోలే తీసుకెళ్లు, ఒక ఎర్రచీర, ఒక ఆకాశం ఉండేలా చూసుకో. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తుంటాయి. అందుకని బిల్లు వేయించకముందే పూర్తి మోడల్ నంబర్ నాకు వాట్సాప్ చెయ్యి, నేనూ ఒకసారి చూస్తాను.

మీ పెదనాన్న