డిప్రెషన్ మీద వ్యాసం రాసిన అమ్మాయికి

విజయవాడ

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. వాక్యం ఎక్కడా తడబడలేదు. గొడవంతా శీర్షికతోనే: ‘డిప్రెషన్‌ని పట్టిచ్చే రక్తపరీక్ష’. ఇది అచ్చయితే మర్నాడు పొద్దున్నే మీ కొత్తపేటలోనో, ఇక్కడ సూర్యారావుపేటలోనో ఎవరో ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని ల్యాబ్ కౌంటర్ ముందు నిలబడతాడు. అలాంటి పరీక్ష లేదని తిప్పి పంపితే సరే. ఏదో ఒకటి చేసి రిపోర్టు చేతిలో పెడితే? అందులో ‘నార్మల్’ అని ఉంటే, ‘చూశావా, నీకేం లేదు, అంతా నాటకం’ అంటారు ఇంట్లో. ఆ పిల్ల ఇంకెవరికీ నోరు విప్పదు. నా భయమల్లా అదే.

విషయం లేదని కాదు, ఉంది. మెదడు బరువు ఒంట్లో 2 శాతమే, కానీ ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. పైగా అందులో కొవ్వు ఎక్కువ, అదీ తేలిగ్గా ఆక్సీకరణ చెందే రకం. ఆక్సిజన్ వాడకంలో పుట్టే చురుకైన అణువులు శరీరం అదుపు దాటిపోతే కణాలు దెబ్బతింటాయి. హెల్ముట్ సీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1985లో దీన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్నాడు. కొవ్వులు దెబ్బతింటే మాలోన్‌డయాల్డిహైడ్, డీఎన్ఏ దెబ్బతింటే 8-ఓహెచ్‌డీజీ అనే జాడలు మిగులుతాయి. డిప్రెషన్ ఉన్నవాళ్లలో వీటి సగటు, లేనివాళ్లలో కంటే ఎక్కువని చాలా అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెప్పాయి. నువ్వూ అదే రాశావు, ‘సగటు’ అన్న మాట ఒక్కటి వదిలేసి.

అసలు సంగతంతా అక్కడే ఉంది. హాయిగా తిరిగేవాడి రక్తంలో ఆ అంకె ఎక్కువ ఉండొచ్చు, నెలల తరబడి మంచం దిగని మనిషికి మామూలుగానే ఉండొచ్చు. సిగరెట్ తాగినా పెరుగుతుంది, షుగర్ ఉన్నా, ఒళ్లు చేసినా పెరుగుతుంది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు తిండి, నిద్ర ఎలాగూ గాడి తప్పుతాయి. మరి ఏది ముందు, ఏది వెనక? ఒకసారి తీసిన రక్తంతో అది తేలదు.

వీలైతే మీ మెడికల్ కాలేజీ బయోకెమిస్ట్రీ విభాగానికి వెళ్లి, మాలోన్‌డయాల్డిహైడ్ కొలిచే పరీక్ష చూపించగలవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడుగు. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి మరిగే నీళ్లలో పెడతారు. కాసేపటికి గొట్టంలో గులాబీ రంగు తేలుతుంది. అది ఎంత చిక్కగా ఉందో 532 నానోమీటర్ల కాంతితో కొలుస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ ఆమ్లం చక్కెరలతోనూ, వేరే ఆల్డిహైడ్లతోనూ కలిసి లెక్క పాడుచేస్తుంది. వేడి చేస్తుండగానే కొంత మాలోన్‌డయాల్డిహైడ్ కొత్తగా పుడుతుంది కూడా. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే ఒక తేడా, మన మే నెల ఎండల్లో శాంపిల్ బయట ఉండిపోతే ఇంకో తేడా. నీ వ్యాసంలో ఇవేవీ లేవు. అంకె మాత్రం ఉంది, దర్జాగా.

ఉసిరికాయ, విటమిన్ ఇ మాత్రల సలహా తీసెయ్. ఉసిరికాయ తినొద్దని నేననను, మా ఇంట్లో ఏటా జాడీ పడుతుంది. మాత్రల సంగతి వేరు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు, విటమిన్ ఇ లాగే ఆక్సీకరణను అడ్డుకుంటుందని పేరున్న బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో బయటపడింది.

దానికి బదులు డాక్టరు గదిలో ఏం జరుగుతుందో రాయి. వాళ్లు ఇప్పటికీ అడిగే తెలుసుకుంటారు: రెండు వారాలుగా దేని మీదా మనసు పోవడం లేదా, నిద్ర ఎలా ఉంది, చచ్చిపోవాలనిపిస్తోందా. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది, అది సంపాదించు. రక్తం తీయించినా మామూలుగా థైరాయిడ్, హిమోగ్లోబిన్ లాంటివి చూడ్డానికే. అవి తేడా చేసినా మనిషి అలాగే నీరసంగా, దిగులుగా ఉంటాడు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 వెయ్యి. అడుగున చిన్న అక్షరాల్లో కాదు, వ్యాసం మధ్యలో.

శీర్షిక మార్చి మళ్లీ పంపు. చివర ప్రశ్నార్థకం తగిలించి తప్పించుకోకు, అది మా కాలం నాటి ఎత్తే. డీఎన్ఏ పేరా మాత్రం ముట్టుకోకు, బాగా కుదిరింది.

ఆశీస్సులతో,
మీ బాబాయి