కొత్త ఆటో కొంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆటోకు అప్పు మంజూరైందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. షేర్ ఆటో నడపననీ, యాప్‌లో చేరి బుకింగులే చూసుకుంటాననీ అన్నావట. చేరు, నేను అడ్డు చెప్పను. కర్నూలులో ఇరవై రెండేళ్లు ఆటో హ్యాండిల్ పట్టుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

నువ్వుండే కాలనీవాళ్లకు ఫోనులో బండి పిలవడం రాదని నీ నమ్మకం. యాప్‌లు రాకముందే వాళ్లు నన్ను ఫోనులో పిలిచేవారు. తెల్లవారుజామున నాలుగింటికి ఒక మిస్డ్ కాల్ వచ్చేది. నేను వెళ్లేసరికి మూడిళ్ల ఆడవాళ్లు ఖాళీ గంపలతో వీధి మొగలో నిలబడి ఉండేవారు. బండి ఏదైనా వాళ్లకు ఒకటే, నడిపేది ఎవరో తెలియాలి.

ధర సంగతి ఇంకా ముఖ్యం. పూలమ్మే పెద్దావిడ ఒకామె రోజూ నా బండి ఎక్కేది. కూర్చోగానే కొంగుముడి విప్పి పది రూపాయల నోటు తీసి గుప్పిట్లో పెట్టుకునేది. దిగేదాకా గుప్పిలి తెరిచేది కాదు. నా చేతికొచ్చేసరికి ఆ నోటు చెమటకు మెత్తబడి, మల్లెపూల వాసన వేసేది. ఒక వానరోజు మనవడు ఆమె కోసం యాప్‌లో ఆటో పిలిచాడు. పొద్దున అరవై చూపిన దూరానికి సాయంత్రం తొంభై అయిదు చూపింది. "వాన పడితే రోడ్డు పొడవు పెరుగుతుందా నాయనా?" అని మర్నాడు నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు. రోజు సంపాదనతో ఇల్లు నడిపేవాళ్లు ఎక్కువ ధరకైనా సర్దుకుంటారు కానీ, పూటకో రకంగా మారే ధరంటే భయపడతారు. నువ్వు యాప్‌లో ఉన్నా సరే, కాలనీవాళ్లు నేరుగా పిలిస్తే వానకైనా ఎండకైనా ఒకే కిరాయి తీసుకో. చిల్లర లేదని ఎవరినీ సతాయించకు.

ఆడవాళ్లు ఇరుకైనా షేర్ ఆటోనే ఎందుకు ఎక్కుతారో గమనించు. డబ్బు ఒక్కటే కారణం కాదు. పక్కన మరో ఇద్దరు ఆడవాళ్లుంటే ధైర్యం. అదే యాప్‌లో పిలిస్తే వచ్చిన ముక్కూ మొహం తెలియని కుర్రాడి బైకు వెనక కూర్చుంటే, అరుగుల మీద కబుర్లకు అదే సరుకు. యాప్‌లో డ్రైవరు పేరు, బండి నంబరు ముందే కనిపిస్తాయి. ఆ మేలు వాళ్లకు ఎవరూ చెప్పలేదు, నువ్వు చూపించు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక మెయిన్ రోడ్డు మీద మన కిరాయిలు పడిపోయిన మాట నిజమే. బస్సును తిట్టుకుంటూ కూర్చోకు. అది సందుల్లోకి రాదు. బస్సు దిగినవాళ్లను ఇంటి దాకా చేర్చే ఆ చివరి ముక్క నీదే. అయితే ఆటో పర్మిట్ ముగ్గురికే, అదీ కాంట్రాక్ట్ క్యారేజ్, అంటే ముందే మాట్లాడుకున్నవాళ్లనే ఎక్కించుకుని దించే బండి. దారిపొడవునా ఎక్కించుకుంటూ దించుకుంటూ వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. మేమంతా అలాగే నడిపాం, జరిమానాలూ కట్టాం. అందుకే ముగ్గురు ముందే కలిసి మాట్లాడుకుని పిలిచే పద్ధతి అలవాటు చెయ్యి. డ్రైవరు పక్కన మాత్రం ఎవరినీ కూర్చోబెట్టకు.

ఇన్సూరెన్సు వదలకు. 2009 అక్టోబరు వరదలో నా మొదటి ఆటో రెండు రోజులు నీళ్లలో నానింది. ఇన్సూరెన్సు లేక నయా పైసా రాలేదు.

అర్ధరాత్రి పెద్దాసుపత్రికి పిలుపు వస్తే ముందు 108కి ఫోను చేయించు. అది ఆలస్యమయ్యేలా ఉంటే బేరమాడకుండా బయలుదేరు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లిని, బిడ్డను ఇంటికి ఉచితంగా దించడానికి 102 బండి ఉంటుందని నువ్వే చెప్పు. ఆ కిరాయి మనకొద్దు.

నా చిల్లర సంచి అటక మీద ఉంది. జిప్పు పాడైంది, తోలు మాత్రం గట్టిదే. ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

మీ మామయ్య