సబ్‌వూఫర్ చెవికి, షేకర్ వెన్నుకి

చిరంజీవికి ఆశీస్సులు.

లోతైన బాస్ వినిపించే సబ్‌వూఫర్‌తో పాటు, ఆ బాస్‌కి సీటుని వణికించే బాస్ షేకర్ కూడా సోఫాకి బిగిస్తానన్నావు. మంచిదే. ముందుగా ఒక్క మాట: షేకర్ వైర్లని రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) వెనక స్పీకర్ టెర్మినల్స్‌కి తగిలించకు. అక్కడ ఇప్పటికే 8 ఓమ్‌ల స్పీకర్ ఉంటే, దానికి 4 ఓమ్‌ల షేకర్ ప్యారలల్‌గా తోడై రెండూ కలిపి సుమారు 2.7 ఓమ్‌లవుతాయి. చాలా రిసీవర్లు అంత లోడు మోయలేవు. సౌండ్ పెంచగానే తమని తాము కాపాడుకోడానికి ప్రొటెక్షన్‌లోకి పోయి ఆగిపోతాయి. ఆగకపోయినా, ఆ స్పీకర్‌లో వచ్చే మాటలన్నీ షేకర్‌కీ చేరి, సోఫాలోంచి ఎవరో గొణుగుతున్నట్టుంటుంది.

సబ్‌వూఫర్‌లో ఆంప్లిఫైయర్ లోపలే ఉంటుంది. షేకర్‌కి ఉండదు, విడిగా కొనాలి. కాబట్టి రిసీవర్ వెనక ‘సబ్‌వూఫర్ ప్రీ అవుట్’ అని రాసున్న చోట ఒక ఆర్‌సీఏ వై కేబుల్ పెట్టు. ఒక కొమ్మ సబ్‌వూఫర్ ఎల్‌ఎఫ్‌ఈ (సినిమాల్లో లోతైన శబ్దాల కోసమే ఉండే ఛానల్) ఇన్‌పుట్‌కి, రెండోది షేకర్ ఆంప్‌కి (ఆంప్లిఫైయర్‌కి). రెండుగా చీలిస్తే సిగ్నల్ సగమైపోతుందని భయపడకు. ఆ ఇన్‌పుట్లు వేల ఓమ్‌లవి, లాగే కరెంటు నామమాత్రమే.

రిసీవర్‌కి రెండు సబ్ అవుట్లున్నా నేనైతే వై కేబులే వాడమంటాను. రెండింటినీ విడివిడిగా కొలిచే రిసీవరైతే, మైకు పెట్టి ఆటో కాలిబ్రేషన్ (రిసీవర్ తానే శబ్దాలు పంపి స్పీకర్లని కొలుచుకోవడం) చేసినప్పుడు షేకర్‌ని కూడా సబ్‌వూఫర్ అనుకుంటుంది. దాని నుంచి మైకుకి వినపడేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి, లెవెల్‌ని కొసదాకా ఎత్తేసి, దూరం ఏదో పిచ్చి అంకె వేస్తుంది. సెట్టింగ్స్‌లో షేకర్ కోసమే ప్రత్యేక ఆప్షన్ ఉంటే మాత్రం రెండో అవుట్ హాయిగా వాడుకో.

ముందు సబ్‌వూఫర్ పని ముగించు. షేకర్ ఆంప్ ఆపేసి ఉంచు. సబ్‌వూఫర్ మీది క్రాసోవర్ నాబ్‌ని (ఎంత హెర్ట్జ్ కింది శబ్దాలు సబ్‌వూఫర్‌కి పోవాలో తేల్చేది) పైన చివరిదాకా తిప్పెయ్, ఎందుకంటే ఆ పని రిసీవర్ చేస్తుంది. రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పడితే 80 హెర్ట్జ్ చుట్టూ బాస్‌లో గుంట పడుతుంది. వాల్యూమ్ నాబ్ సగం దగ్గర పెట్టి కాలిబ్రేషన్ నడుపు. తర్వాత మెనూలోకి వెళ్లి చూడు: సబ్ లెవెల్ మైనస్ 12 దగ్గర ఆగిపోయి ఉంటే అది హద్దు తగిలినట్టు. నాబ్ తగ్గించి మళ్లీ నడుపు. మెనూలో స్పీకర్లు ‘స్మాల్’ (అంటే వాటి బాస్ సబ్‌వూఫర్‌కి పోతుంది), క్రాసోవర్ 80 హెర్ట్జ్, ఎల్‌ఎఫ్‌ఈ ఫిల్టర్ 120 హెర్ట్జ్. చాలా ఇళ్లకి ఇవి సరిపోతాయి.

ఇక షేకర్. 50 వాట్ల చిన్న షేకర్‌కి లోపాస్ నాబ్ (హద్దుకి పైనున్న శబ్దాల్ని ఆపేది) ఉన్న క్లాస్ డి మోనో ఆంప్ చాలు. నాబ్‌ని 50, 60 హెర్ట్జ్ మధ్య పెట్టు. ఇంకా పైకి పోతే గంభీరమైన మగగొంతులకి కూడా సీటు వణుకుతుంది, అది పరమ చిరాకు. కింద 15 లేదా 20 హెర్ట్జ్ దగ్గర కోసే హైపాస్ ఉంటే తప్పక వాడు. మరీ లోతైన సిగ్నల్‌కి లోపలి బరువు అంచులకి కొట్టుకుని టకటకమంటుంది. ఆ చప్పుడు వింటే వెంటనే తగ్గించు. చాలా చిన్న షేకర్లు 40 హెర్ట్జ్ దగ్గర రెచ్చిపోతాయి కూడా. ఈక్వలైజర్ ఉంటే అక్కడ కాస్త కోస్తే అన్ని దెబ్బలూ ఒకేలా అనిపించవు.

రెండు 4 ఓమ్‌ల షేకర్లు పెడితే సిరీస్‌లో 8, ప్యారలల్‌లో 2. ఆంప్ 2 ఓమ్‌లకి పనికొస్తుందని దాని మీద రాసుంటే తప్ప సిరీస్‌లోనే కలుపు. నాలుగైతే రెండేసి సిరీస్ చేసి, ఆ రెండు జతల్నీ ప్యారలల్ చెయ్, మళ్లీ 4 వస్తుంది. ఒకే ఫ్రేమ్ మీద ఉన్నవాటికి ప్లస్ మైనస్‌లు ఒకే తీరుగా ఉండాలి. ఒకటి తారుమారైతే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, ‘షేకర్ పనిచెయ్యట్లేదు’ అని నువ్వు వాల్యూమ్ పెంచుతూ కూర్చుంటావు.

బిగింపులో పొదుపు చెయ్యకు. గుడ్డకీ, పల్చటి చెక్కకీ కాదు, ఫ్రేమ్‌లోని గట్టి చెక్కకే. అలాంటిది దొరక్కపోతే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకని అడ్డంగా బిగించి దానికి షేకర్ తగిలించు. స్ప్రింగ్ వాషర్లు తప్పనిసరి, వణుకుడికి నట్లు వాటంతటవే వదులవుతాయి. సోఫా కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెడితే వణుకు నేలలోకి పోకుండా సీటులోనే ఉంటుంది.

అన్నీ కలిపాక గూంమనే మోత వస్తే, రిసీవర్, సబ్‌వూఫర్, షేకర్ ఆంప్ మూడింటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కి మార్చి చూడు. మోత ఆపడానికి ఎర్త్ పిన్ మాత్రం తీసెయ్యకు, ప్రాణానికే ముప్పు. ఐసొలేటర్ (కేబుల్ మధ్యలో పెట్టి మోత ఆపేది) కొనాల్సివస్తే, చవకవి 30 హెర్ట్జ్ కిందది మింగేస్తాయని గుర్తుంచుకో. మనకి కావలసిందే అది.

షేకర్ లెవెల్ చివర్న పెట్టుకో. నీకు తెలిసిన సినిమాలో ఓ పేలుడు సీను పెట్టి, సున్నా నుంచి మెల్లగా పెంచుతూ రా. వణుకు స్పష్టంగా తెలిసిన చోట ఆగి, కొంచెం వెనక్కి తిప్పు. ఆంప్ ఆపేస్తే వెలితి తెలియాలి, నడుస్తున్నప్పుడు షేకర్ ఉందన్న ధ్యాసే రాకూడదు.

ఆశీస్సులతో,
పెదనాన్న