పాఠకుల ప్రశ్నలు: ఆషాఢంలో ఇల్లు చౌకగా దొరుకుతుందా?

ప్రశ్న: నల్గొండ పట్టణంలో ఒక పాత ఇల్లు చూశాం. ఆషాఢంలో కొనేవాళ్లు ఉండరు కాబట్టి అప్పటిదాకా ఆగితే ధర దిగుతుందని మా బంధువులు చెబుతున్నారు. ఇప్పుడు తీసుకోకపోతే దసరాకు చేయి దాటిపోతుందని మధ్యవర్తి తొందరపెడుతున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ, నెలను బట్టి ఎక్కువగా మారేది బేరాల సంఖ్యే, ధర కాదు. ఆషాఢంలో బేరాలు మందగించడానికి శూన్యమాసమన్న నమ్మకం ఒక్కటే కారణం కాదు. జూన్, జూలై నెలల్లో మన ప్రాంత రైతుల చేతిలోని డబ్బు పత్తి విత్తనాలకు, ఎరువులకు, వరినాట్లకు వెళ్తుంది. జూన్ 12న బడులు తెరిచేసరికి మిగిలినది పిల్లల ఫీజులకు పోతుంది. పిల్లల చదువు కోసం పట్టణంలో ఇల్లు చూసే పల్లె కుటుంబాలు మళ్లీ కదిలేది పత్తి అమ్ముడై, వానాకాలం ధాన్యం డబ్బు ఖాతాలో పడ్డాకనే. శ్రావణం, దసరా ముహూర్తాలకు మిగతావారిలో కొంత కదలిక వస్తుంది, మాఘమాసపు ముహూర్తాలు ఆ పంట డబ్బు సందడికి తోడవుతాయి.

అయితే ఆషాఢంలో గిరాకీ లేదని అమ్మేవారు ధర తగ్గించేస్తారనుకోవద్దు. తొందర లేని యజమాని ఇంకో నెల ఆగుదామనుకుంటాడు తప్ప దిగిరాడు. శ్రావణంలో కూతురి పెళ్లి పెట్టుకున్నవారు, బ్యాంకు వాయిదాలు మీద పడుతున్నవారు మాత్రం ఏ నెలలోనైనా తగ్గుతారు. కాబట్టి ఆ యజమాని ఎందుకు అమ్ముతున్నారో ముందు తెలుసుకోండి. నా ఉద్దేశంలో బేరానికి పంచాంగం కన్నా ఆ ఒక్క సమాచారమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆషాఢం వల్ల మీకు కలిగే అసలు మేలు వేరే ఉంది. అది వానల కాలం. ఎండాకాలంలో కొత్త సున్నం వేసిన గోడ ఏమీ చెప్పదు. నాలుగు వానలు పడ్డాక అదే గోడ అడుగున ఉబ్బి, పెచ్చులు లేస్తుంది, స్లాబు మూలల్లో చెమ్మ మరకలు తేలుతాయి. వాన పడుతుండగానే వెళ్లి, వీధి నీరు ఎటు పోతోందో, గేటు ముందు ఎంతసేపు నిలుస్తోందో చూడండి. ఆ నెలంతా ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్టులు చూపే ధ్రువపత్రం) తీయించడానికి, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు, నిర్మాణ అనుమతి న్యాయవాదికి చూపించడానికి వాడుకోండి. అన్నీ సరిపోయాక బయానా ఇచ్చి, రిజిస్ట్రేషన్ గడువును అగ్రిమెంటులో స్పష్టంగా రాయించండి. ముహూర్తం పట్టింపు ఉంటే రిజిస్ట్రేషన్‌ను, గృహప్రవేశాన్ని శ్రావణంలో పెట్టుకోవచ్చు.

నెలల కన్నా జాగ్రత్తగా గమనించాల్సినది ప్రభుత్వ మార్కెట్ విలువల సవరణ, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం ఆస్తులకు నిర్ణయించే విలువలను మార్చడం. 2021 జూలైలో విలువలతో పాటు రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగింది. 2022 ఫిబ్రవరిలో విలువలను మళ్లీ పెంచారు. ఒప్పుకున్న ధర, ప్రభుత్వ విలువ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే ఈ ఖర్చు లెక్కిస్తారు కనుక, మీరు బేరంలో తగ్గించుకున్నది ఒక్క సవరణతో చేజారవచ్చు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లోని మా ఇల్లు అమ్మాలనుకుంటున్నాం. ఏ నెలలో అమ్మకానికి పెడితే మంచిది?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టండి. బడులు తెరిచేలోపు ఇల్లు మారాలనుకునే ఉద్యోగులు అప్పుడే వెతకడం మొదలుపెడతారు, ఆషాఢం రాకముందే మాట ఖాయం చేసుకోవాలని చూస్తారు. అది దాటితే శ్రావణం దాకా ఆగండి గానీ, ధనుర్మాసంలో మాత్రం వద్దు. సంక్రాంతి వెళ్లాకనే బేరాలు కదులుతాయి. మీ ఇల్లు పెద్దచెరువు దిగువన ఉంటే వానలకు ముందే అమ్ముకోవాలన్న ఆలోచన రావచ్చు. వరద నీరు వచ్చిన సంగతి దాచి అమ్మకండి. కొనేవారు పక్కింటివారిని అడిగితే బయటపడే విషయమది, బయానా తీసుకున్నాక బయటపడితే ఆ తగవు ఏళ్ల తరబడి సాగుతుంది.