ఫోర్డ్ 8ఎన్ పెట్రోలు ట్రాక్టరు: అరగంట నడిచాక బలం తగ్గి ఆగిపోతోంది. ఎక్కడ చూడాలి?

చల్లగా ఉన్నప్పుడు ఇట్టే స్టార్టవుతోంది, అరగంట గడ్డి కోశాక దమ్ము తగ్గి ఆగిపోతోంది, ఇరవై నిమిషాలు వదిలేస్తే మళ్లీ నడుస్తోంది అన్నారు. అప్పుడే కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) విప్పకండి. అందకుండా పోతోంది స్పార్కా, పెట్రోలా అన్నది ఇంజన్ ఆగిన ఆ నిమిషంలోనే తేల్చాలి. చల్లారాక చూస్తే రెండూ బాగానే కనిపిస్తాయి.

డీజిల్ బండ్ల అలవాటుతో పంపు కోసం వెతక్కండి. 1947 నుంచి 1952 దాకా తయారైన ఈ బండికి ఫ్యూయల్ పంపే లేదు. పెట్రోలు తన బరువుతోనే ట్యాంకులోంచి కిందికి దిగుతుంది. అందుకే ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినా సరిగ్గా ఇలాగే ఆగుతుంది. బలం తగ్గడం మొదలవగానే మూత వదులు చేయండి. బండి తేరుకుంటే రంధ్రం శుభ్రం చేస్తే చాలు.

తేరుకోకపోతే ముందు స్పార్క్ చూడండి. పెట్రోలు వదిలాక చూస్తే ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది. ఒక ప్లగ్ తీగ ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో దాని కొనను ఇంజన్ ఇనుముకు పావు అంగుళం ఎడంగా పట్టుకుని స్టార్టర్ తిప్పించండి. నీలంగా, టపటపా దూకాలి. పసుపుగా పడినా, అసలు పడకపోయినా కాయిల్‌నో (స్పార్క్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజీ పుట్టించేది), కండెన్సర్‌నో (దానికి తోడుగా పనిచేసే చిన్న కెపాసిటర్) అనుమానించాలి. వేడికి కాయిల్ లోపలి చుట్ల ఇన్సులేషన్ పట్టు వదులుతుంది, చల్లారితే మళ్లీ పనిచేస్తుంది. 12 వోల్టులకు మార్చిన బండి అయితే, కాయిల్‌కు తగిన రెసిస్టర్ పెట్టారో లేదో చూడండి. లేకపోతే కొత్త కాయిల్ కూడా కాలిపోతుంది, పాయింట్లూ (కాయిల్‌కు కరెంటు ఇస్తూ ఆపుతూ ఉండే బిళ్లలు) మాడిపోతాయి. ప్లగ్‌లకు వంతులవారీగా స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ ముందు వైపు ఉన్న బండి అయితే పాయింట్ల మధ్య ఎడం 0.015 అంగుళం, పక్కన ఉన్నదైతే 0.025. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు చాలామంది. తీగలు అన్నీ ఊడదీస్తే సిలిండర్లకు స్పార్క్ అందే 1-2-4-3 వరస మరవకండి.

స్పార్క్ బాగుంటే, స్విచ్ ఆపేసి, కార్బురేటర్ అడుగున డ్రెయిన్ ప్లగ్ విప్పి సీసా పట్టండి. లోపల నిలవున్నది పోయాక కూడా ధార తెగకూడదు. రెండు నిమిషాల్లో సుమారు అర లీటరు రావాలి. మొదట ధారగా వచ్చి తర్వాత చుక్కలుగా మారిందంటే అడ్డం పైన ఉన్నట్టు. పెట్రోలు వడకట్టే జాలీలు మూడు ఉంటాయి: ట్యాంకు లోపల నిలబడి ఉండేది ఒకటి, ట్యాంకు కింద మడ్డి పట్టే గిన్నెలో (సెడిమెంట్ బౌల్) ఒకటి, కార్బురేటర్‌లోకి వెళ్లే ఇత్తడి వంపు బిగింపులో ఒకటి. మూడోది ఉందనే చాలామందికి తెలియదు. ట్యాంకు తుప్పు పొడి వచ్చి ఆగేది అక్కడే, తప్పకుండా తీసి చూడండి.

ధారా బాగుండి, లోడ్ మీదే బలం తక్కువైతే చోక్ (గాలి తగ్గించే మీట) కొద్దిగా లాగి చూడండి. పుంజుకుంటే మిశ్రమంలో పెట్రోలు చాలట్లేదు. మెయిన్ జెట్ సూదిని (కార్బురేటర్‌లో పెట్రోలు మోతాదు సరిచేసే మర) ఒక చుట్టు తెరిచి మొదలుపెట్టి, లోడ్ మీద ఎనిమిదోవంతు చుట్టు చొప్పున తెరుచుకుంటూ పోండి. అయినా మారకపోతే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (మిశ్రమాన్ని ఇంజన్‌లోకి తీసుకెళ్లే గొట్టం) గ్యాస్కెట్ దగ్గర గాలి దూరుతోందేమో చూడాలి.