కృష్ణుడు రాని రిహార్సల్

చిరంజీవి తమ్ముడికి,

తిరుపతి నుంచి అన్న ఆశీస్సులు. చిత్తూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. జావా అప్లికేషన్లు కట్టడానికి వాడే స్ప్రింగ్ బూట్‌లో టెస్టుల గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ, అందుకే మొహమాటం లేకుండా చెబుతాను.

మాక్ అంటే నకిలీ వస్తువు అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నేనూ మొదట్లో ఉత్సవమూర్తితో పోల్చి రాశాను. మా అమ్మ విని "స్వామి నకిలీ ఏంట్రా" అని తిట్టింది. న్యాయమే. మన పల్లెల్లో భారతం నాటకం రిహార్సల్ చూసే ఉంటావు. కృష్ణుడి వేషగాడు రాకపోతే ఇంకొకరు నిలబడి ఆయన మాటలు అందిస్తారు. ఆ పూట పరీక్ష అర్జునుడికి. బయటి నుంచి వచ్చే రిక్వెస్ట్‌ను అందుకునే నీ కంట్రోలర్ అర్జునుడు, దాని వెనక అసలు పని చేసిపెట్టే సర్వీస్ కృష్ణుడు. టెస్ట్ క్లాసు మీద వెబ్‌ఎంవీసీటెస్ట్ (@WebMvcTest) అనే గుర్తు పెడితే వెబ్ పొర మాత్రమే లేస్తుంది. సర్వీస్ రాదు, దాని చోట మాక్‌ను నిలబెట్టాలి. ఎప్పుడు ఏ మాట అందించాలో దానికి ముందే నేర్పాలి. నేర్పకపోతే, మాక్‌లు తయారుచేసే మాకిటో లైబ్రరీ గొడవేమీ చేయదు, చల్లగా నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఇస్తుంది. లిస్ట్ అడిగితే ఖాళీది ఇస్తుంది. కొత్తవాళ్లకు నిద్ర చెడేది ఇక్కడే, నాకూ చెడింది. నువ్వు దీనికి ఒక్క వాక్యం ఇచ్చావు, ఒక పేజీ ఇవ్వు.

మూడో ఉదాహరణ తీసెయ్. ధర 500 అని మాక్‌కు నేర్పి, ఆ మాక్‌నే పిలిచి, 500 వచ్చిందని మురిసిపోయావు. ఇందులో అర్జునుడేడీ? ఏ ఉదాహరణ రాసినా అసలు కోడ్‌లో ఒక లైను చెడగొట్టి చూడు. టెస్ట్ ఫెయిల్ కాకపోతే ఆ ఉదాహరణ పనికిరాదు.

వెర్షన్ ఎక్కడా రాయలేదు. మాక్‌ను నిలబెట్టడానికి నువ్వు వాడిన మాక్‌బీన్ (@MockBean) గుర్తును 2024 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3.4లోనే వద్దన్నారు, 4.0లో తీసేశారు. ఇప్పుడు వాడాల్సింది మాకిటోబీన్ (@MockitoBean).

టెస్టులు నిదానం అని విసుక్కున్నావు గానీ కారణం చెప్పలేదు. స్ప్రింగ్ ఒకసారి లేపిన కాంటెక్స్ట్‌ను (అప్లికేషన్ భాగాలను జోడించి పెట్టిన అమరికను) దాచుకుని తర్వాతి క్లాసులకూ వాడుతుంది. ఒక్కో క్లాసులో ఒక్కో రకం మాకిటోబీన్లు పెడితే పాతది సరిపోదు, ప్రతిసారీ కొత్తది లేపాలి. స్ప్రింగ్‌బూట్‌టెస్ట్ (@SpringBootTest) గుర్తుతో అప్లికేషన్ మొత్తం లేపేచోట ఇది బాగా తెలుస్తుంది. ఇది రాస్తే చదివినవాళ్లు నీకు దండం పెడతారు.

సవరించి ఆదివారం తీసుకురా. లాప్‌టాప్ మరిచిపోవద్దు, టెస్టులు నా ముందు రన్ చేశాకే చదువుతాను.

ఇట్లు,
మీ అన్న